4294967297: ఈ సంఖ్య ఏయే తరగతులకు చెందుతుంది?

శేషంఒకటి

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ రెండవ సంవత్సరంలో గణితం చదువుతున్నాను. సంఖ్యా సిద్ధాంతం పాఠంలో మాకు ఫెర్మా సంఖ్యల గురించి చెప్పారు. 2 యొక్క ఘాతాంకం కూడా 2 యొక్క ఘాతమే అయినప్పుడు, దానికి 1 కలిపితే వచ్చే సంఖ్యలు అవి: 3, 5, 17, 257, 65537, ఆ తరువాత 2³² + 1, అంటే 4294967297. మన లెక్కలో చెప్పాలంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలని, ఆరవది సంయుక్త సంఖ్య అని పుస్తకంలో ఉంది.

దీన్ని సరిచూడడానికి నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, 2ను ఈ సంఖ్య కంటే ఒకటి తక్కువైన ఘాతానికి హెచ్చించి, ఈ సంఖ్యతో భాగించి శేషం చూస్తే, బేసి ప్రధాన సంఖ్యకు రావలసినట్టే 1 వచ్చింది. ఇంకా గట్టిదని చెప్పే మిల్లర్–రాబిన్ పరీక్షను కూడా 2 ఆధారంగా నడిపితే, అది కూడా «ప్రధాన సంఖ్య కావచ్చు» అనే చెప్పింది. రెండు పరీక్షలూ దాటిన సంఖ్య సంయుక్తం ఎలా అయింది? అసలు ఈ సంఖ్యను ఏయే తరగతుల్లో చేర్చవచ్చో కూడా పెద్దలు వివరించగలరని కోరుతున్నాను.

విశ్రాంతఅధ్యాపకుడు

మంచి ప్రశ్న బాబూ. పరీక్షల సంగతి తరువాత చూద్దాం; ముందు ఈ సంఖ్య సంయుక్తమని కాగితం మీదనే తేల్చుకుందాం, ఎందుకంటే దానికి కంప్యూటర్ అవసరం లేదు.

4294967297 = 641 × 6700417. 641 దీన్ని భాగిస్తుందని చూపడానికి ఒక చక్కని దారి ఉంది. 641ని రెండు విధాలుగా రాయవచ్చు: 641 = 5 × 2⁷ + 1, అలాగే 641 = 5⁴ + 2⁴. మొదటి దాని వల్ల, 641తో భాగించినప్పుడు 5 × 2⁷ యొక్క శేషం −1తో సమానం. దాన్ని నాలుగవ ఘాతానికి హెచ్చిస్తే 5⁴ × 2²⁸ యొక్క శేషం 1. రెండవ దాని వల్ల 5⁴ బదులు −2⁴ పెట్టవచ్చు. పెట్టగానే −2³² యొక్క శేషం 1 అవుతుంది, అంటే 2³² + 1ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. గుణకారం ఒక్కటి కూడా చేయకుండా పని పూర్తయింది. ఇన్నేళ్ళు తరగతిలో చెప్పినా ఈ రెండు వాక్యాల రుజువు మీద నాకు మక్కువ తగ్గలేదు.

ఇక చరిత్ర. ఈ తీరు సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనన్న నమ్మకాన్ని ఫెర్మా 1640లో ఉత్తరాల్లో ప్రకటించారు. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ ఆయిలర్‌కు రాసిన ఉత్తరంలో ఈ విషయాన్ని ఎత్తారు. 1732లో ఆయిలర్ 641 అనే కారణాంకాన్ని చూపారు. ఆ కారణాంకం ఎలా దొరికిందో తరువాత రాసిన వ్యాసంలో వివరించారు. ఆ వివరణే అన్నిటికంటే విలువైనది, కనుక కొంచెం నిదానంగా చెబుతాను.

ప అనే ప్రధాన సంఖ్య 2³² + 1ని భాగిస్తుందనుకుందాం. అప్పుడు పతో భాగిస్తే 2³² యొక్క శేషం −1, 2⁶⁴ యొక్క శేషం 1. 2 యొక్క ఘాతాల శేషాలు మొదటిసారి 1కి చేరే ఘాతాంకం 64ను భాగించాలి, కానీ 32ను భాగించకూడదు. కాబట్టి అది సరిగ్గా 64. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఆ ఘాతాంకం ప − 1ని భాగించాలి. అందువల్ల ప తప్పనిసరిగా 64క + 1 రూపంలో ఉండాలి. ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అంటే ఐదవ ప్రయత్నంలోనే సమాధానం దొరుకుతుంది.

1878లో లూకా దీన్ని ఇంకొక మెట్టు ఎక్కించారు. 8తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలకు 2 ఒక వర్గశేషం అవుతుంది, అంటే ఏదో ఒక సంఖ్య యొక్క వర్గానికి పతో భాగిస్తే శేషం 2 వస్తుంది. ఆ సంఖ్య యొక్క ఘాతాలు 1కి చేరడానికి 128 పడుతుంది. కాబట్టి ప 128క + 1 రూపంలోనే ఉండాలి. అప్పుడు 641 కంటే ముందు పరీక్షించవలసింది 257 ఒక్కటే. అది కూడా ఫెర్మా సంఖ్యే కనుక, రెండు వేర్వేరు ఫెర్మా సంఖ్యలకు ఉమ్మడి కారణాంకం ఉండదు కనుక, దాన్నీ వదిలేయవచ్చు. మొదటి ప్రయత్నంలోనే 641.

ఫెర్మా అదే 1640లో 2³⁷ − 1కి 223 కారణాంకమని ఇలాంటి ఆలోచనతోనే కనుక్కున్నారు. చేతిలో పనిముట్టు ఉండి కూడా ఆయన ఐదు భాగాహారాలు ఎందుకు చేయలేదో ఆలోచించిన కొద్దీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

కోడుకారుడు

శేషంఒకటి గారూ, మీ ప్రోగ్రాంలో లోపం లేదు. ఆ రెండు పరీక్షలూ 2 ఆధారంగా నడిపితే ఏ ఫెర్మా సంఖ్యనైనా «ప్రధానం కావచ్చు» అనే చెబుతాయి. అధ్యాపకులవారు పైన చెప్పిన దానిలోనే కారణం ఉంది. ఈ సంఖ్యతో భాగిస్తే 2³² యొక్క శేషం −1, 2⁶⁴ యొక్క శేషం 1. మీరు హెచ్చించిన ఘాతాంకం 4294967296, అంటే 2³². అది 64తో నిశ్శేషంగా పోతుంది కాబట్టి శేషం 1 రాక తప్పదు. మిల్లర్–రాబిన్ పరీక్షలో కూడా 2ను మళ్ళీ మళ్ళీ వర్గం చేస్తూ పోతే ఐదవ వర్గం దగ్గర −1 కనిపిస్తుంది. అది కనిపించగానే పరీక్ష ఆగిపోయి సంఖ్యను పాస్ చేస్తుంది. 2 మీద కట్టిన సంఖ్యను 2తోనే పరీక్షిస్తే మనకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

ఇలా సంయుక్తమై ఉండి కూడా పరీక్ష దాటే సంఖ్యలను మిథ్యా ప్రధాన సంఖ్యలు అంటారు. కనుక మీరు అడిగిన తరగతుల్లో మొదటిది రాసుకోండి: 4294967297 అనేది 2 ఆధారంగా మిథ్యా ప్రధాన సంఖ్య, అందులోనూ బలమైన రకం.

ఆధారాన్ని 3కు మార్చి చూడండి. 3ను 2³¹ ఘాతానికి హెచ్చిస్తే శేషం 10324303 వస్తుంది. దాన్ని ఇంకొకసారి వర్గం చేస్తే 3029026160. ప్రధాన సంఖ్య అయితే రెండవది 1 కావాలి, కాలేదు. 1877లో పెపాన్ నిరూపించిన పరీక్ష ఇదే: 3 కంటే పెద్దదైన ఏ ఫెర్మా సంఖ్యకైనా, 3ను ఆ సంఖ్యలో ఒకటి తగ్గించి సగం చేసిన ఘాతానికి హెచ్చిస్తే శేషం −1 వస్తేనే అది ప్రధానం, రాకపోతే సంయుక్తం. ఈ పరీక్ష అవునో కాదో ఖచ్చితంగా చెబుతుంది, «కావచ్చు» అనదు. పని కూడా ఎక్కువ కాదు, ముప్పై ఒక్క సార్లు వర్గం చేయడమే.

ప్రోగ్రాం రాసేవారికి ఒక హెచ్చరిక. 32 బిట్ల గుర్తులేని పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద విలువ 4294967295. మన సంఖ్య దానికంటే 2 ఎక్కువ కాబట్టి, అలాంటి గదిలో పెడితే చుట్టు తిరిగి 1గా మారిపోతుంది. 64 బిట్ల రకం వాడాలి. దాంట్లో కూడా ఈ సంఖ్య కంటే చిన్నవైన రెండు శేషాలను గుణించినప్పుడు ఫలితం 2⁶⁴ని దాటదు, కాబట్టి గుర్తులేని 64 బిట్లు సరిపోతాయి. దీనికి ఒకే ఒక మినహాయింపు ఉంది: రెండు శేషాలూ 2³² అయితే లబ్ధం సరిగ్గా 2⁶⁴ అవుతుంది, అది పట్టదు. −1 శేషం వచ్చే చోట ఇదే జరుగుతుంది కాబట్టి ఆ సందర్భాన్ని విడిగా చూసుకోవాలి.

అంకెలబాట

కోడుకారుడు గారు చెప్పినదానికి ఒక లెక్క జోడిస్తాను. 2 ఈ సంఖ్యను పరీక్షలో పాస్ చేయించడం ఎంత అరుదైన విషయమో చూడండి. 640, 6700416 రెండింటిలోనూ 2 యొక్క ఘాతం సరిగ్గా 2⁷ ఉంది: 640 = 128 × 5, 6700416 = 128 × 52347. అందువల్ల ఫెర్మా పరీక్షను దాటించే ఆధారాలు ఒక్కొక్క కారణాంకానికి 128 చొప్పున, మొత్తం 128 × 128 = 16384 మాత్రమే ఉంటాయి. 429 కోట్లకు పైగా ఉన్న ఆధారాల్లో అవి దాదాపు 2,62,144లో ఒక వంతు. మిల్లర్–రాబిన్ పరీక్షను దాటించేవి ఇంకా తక్కువ, 5462 మాత్రమే. కళ్ళు మూసుకొని ఏదో ఒక ఆధారాన్ని ఎంచుకున్నా పరీక్ష ఈ సంఖ్యను పట్టేసేదే. 2ను ఎంచుకోవడం వల్లనే అది తప్పించుకుంది.

మరొక తరగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఏ ఆధారంతో పరీక్షించినా (సంఖ్యతో ఉమ్మడి కారణాంకం లేనంతవరకు) దాటిపోయే సంయుక్త సంఖ్యలను కార్మైకేల్ సంఖ్యలు అంటారు. వాటికి కనీసం మూడు ప్రధాన కారణాంకాలు ఉండాలి. మనదానికి రెండే ఉన్నాయి కాబట్టి ఇది కార్మైకేల్ సంఖ్య కాదు.

శేషంఒకటి

అందరికీ కృతజ్ఞతలు. 3తో నడిపి చూశాను, కోడుకారుడు గారు చెప్పిన శేషాలే వచ్చాయి. ఇంకొక సందేహం ఉంది. 641 చిన్న సంఖ్య, అది ప్రధానమని వెంటనే తెలుస్తుంది. 6700417 కూడా ప్రధానమే అని ఆయిలర్ కాలంలో ఎలా తెలుసుకొని ఉంటారు? దాని వర్గమూలం 2588 పైన ఉంది. అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించవలసిందేనా?

అంకెలబాట

అవసరం లేదండీ. 6700417ను భాగించే ప్రధాన సంఖ్య 4294967297ను కూడా భాగించాలి. కాబట్టి అది కూడా 128క + 1 రూపంలోనే ఉండాలి. 2588 లోపల ఆ రూపంలో ఉన్న సంఖ్యలు ఇరవై. వాటిలో ప్రధానాలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. వీటితో 6700417ను భాగిస్తే శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్న కాదు. ఐదు భాగాహారాలతో అది ప్రధాన సంఖ్య అని తేలిపోయింది. ఆయిలర్ వాడిన 64క + 1 రూపంతో అయితే భాగాహారాలు మరికొన్ని ఎక్కువవుతాయి, కానీ ఒక మనిషి ఒక పూటలో ముగించగల పనే.

కాబట్టి కారణాంక విభజన పూర్తయింది: రెండు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం. అది తెలిశాక మిగిలిన లెక్కలు సులభం. భాజకాలు నాలుగు: 1, 641, 6700417, ఆ సంఖ్య. తనను వదిలేసి మిగిలిన భాజకాల మొత్తం 6701059. అది సంఖ్య కంటే ఎంతో తక్కువ కాబట్టి ఇది న్యూన సంఖ్య. దీనితో పరస్పర ప్రధానాలైన చిన్న సంఖ్యల లెక్క, అంటే ఆయిలర్ ఫై ప్రమేయం విలువ, 640 × 6700416 = 4288266240. అంకెల మొత్తం 59, అది కూడా ప్రధానమే. చివరి అంకె 7.

గోదారిగట్టు

అంకెలబాట గారూ, మీ లెక్కలన్నీ సరైనవే, కానీ ఒక విషయంలో నేను విభేదిస్తాను. అంకెల మొత్తం 59 కావడం, అది ప్రధాన సంఖ్య కావడం ఈ సంఖ్య గురించి మనకు ఏమీ చెప్పవు. మనం పది ఆధారంగా రాస్తున్నాం కాబట్టి ఆ మొత్తం వచ్చింది. ఎనిమిది ఆధారంగా రాస్తే వేరే మొత్తం వస్తుంది. ఒక సంఖ్యను వర్గీకరించేటప్పుడు, అది ఎలా పుట్టిందో దానితో సంబంధం ఉన్న గుణాలను ఒక పక్కన, యాదృచ్ఛికంగా కలిసివచ్చిన వాటిని మరొక పక్కన ఉంచాలి. చివరి అంకె 7 కావడం మాత్రం మొదటి పక్కకే చెందుతుంది, ఎందుకంటే 17 నుంచి మొదలుపెట్టి ప్రతి ఫెర్మా సంఖ్యా 7తోనే ముగుస్తుంది. ద్విసంఖ్యామానంలో ఇది ఒక 1, ముప్పై ఒక్క సున్నలు, మళ్ళీ ఒక 1. రెండు వైపుల నుంచి ఒకేలా చదవవచ్చు. అది కూడా పుట్టుకతో వచ్చిన గుణమే.

నా దృష్టిలో ఈ సంఖ్యకు అన్నిటికంటే అందమైన గుణం వేరే ఉంది. దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చు, అదీ రెండు విధాలుగా. మొదటిది చూడగానే తెలుస్తుంది: 65536² + 1². రెండవది 62264² + 20449². ఒక ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయగలిగితే ఒకే విధంగా రాయగలం. రెండు విధాలు కనిపించాయంటే, కారణాంకం ఒక్కటీ తెలియకపోయినా సంఖ్య సంయుక్తమని చెప్పేయవచ్చు.

అంతకుమించి, ఆ రెండు విధాల నుంచి కారణాంకాలను బయటికి తీయవచ్చు. ఆయిలర్ చూపిన పద్ధతి ఇది. సరిసంఖ్యల భేదం 65536 − 62264 = 3272. బేసిసంఖ్యల భేదం 20449 − 1 = 20448. ఈ రెండింటి గసాభా 8. దానితో భాగిస్తే 409, 2556 వస్తాయి. వాటి వర్గాల మొత్తం 409² + 2556² = 167281 + 6533136 = 6700417. పెద్ద కారణాంకం చేతికి వచ్చింది.

ఇప్పుడు వెనక్కి నడుద్దాం. 641 = 25² + 4², 6700417 = 2556² + 409². ఇలాంటి రెండు మొత్తాలను గుణిస్తే వచ్చే లబ్ధం కూడా రెండు వర్గాల మొత్తమే అవుతుందనే నియమం బ్రహ్మగుప్తుడు 7వ శతాబ్దంలో చెప్పిన సూత్రంలో ఇమిడి ఉంది. లబ్ధాలు చూడండి: 25 × 2556 = 63900, 4 × 409 = 1636; వాటి మొత్తం 65536, భేదం 62264. అలాగే 25 × 409 = 10225, 4 × 2556 = 10224; వాటి మొత్తం 20449, భేదం 1. ఒక మొత్తాన్ని రెండవ జంట భేదంతో, ఒక భేదాన్ని రెండవ జంట మొత్తంతో కలిపితే పైన రాసిన రెండు విధాలూ అక్షరాలా వస్తాయి. 10225కు 10224కు తేడా ఒక్కటి కావడమే ఈ సంఖ్యను 65536 వర్గానికి సరిగ్గా ఒకటి పైన నిలబెట్టింది.

అంకెలబాట

గోదారిగట్టు గారి విభజన సబబుగానే ఉంది, అంగీకరిస్తున్నాను. అయితే యాదృచ్ఛికమని ముందే తీసివేయకుండా, కారణం వెతికి దొరకనప్పుడే తీసివేద్దాం. 4294967297ను 9తో భాగిస్తే శేషం 5 అన్న విషయం అంకెల మొత్తం ద్వారానే తెలిసినా, దానికి కారణం 2 ఘాతాల శేషాల్లో ఉంది.

ఇంకొక తరగతి: బేసి సంఖ్యను 2 యొక్క అంతకంటే పెద్ద ఘాతంతో గుణించి 1 కలిపితే వచ్చేవాటిని ప్రోత్ సంఖ్యలు అంటారు. మన సంఖ్య 1 × 2³² + 1 కాబట్టి ప్రోత్ సంఖ్యే. 641 = 5 × 2⁷ + 1 కూడా ప్రోత్ సంఖ్యే. 6700417 = 52347 × 2⁷ + 1 మాత్రం కాదు, 52347 అనేది 128 కంటే చాలా పెద్దది.

విశ్రాంతఅధ్యాపకుడు

జ్యామితి వైపు నుంచి కూడా ఈ సంఖ్యకు ఒక స్థానం ఉంది. 1796లో గౌస్ క్రమ సప్తదశభుజిని, అంటే 17 భుజాల క్రమ బహుభుజిని, స్కేలు వృత్తలేఖినులతో గీయవచ్చని కనుగొన్నారు. 1801లో అచ్చయిన తన గ్రంథంలో ఆయన ఇచ్చిన నియమం, దాని విపర్యయానికి 1837లో వాంజెల్ ఇచ్చిన రుజువు కలిపి చూస్తే తేలేది ఇది: భుజాల సంఖ్య 2 యొక్క ఏదో ఒక ఘాతాన్ని, వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యలతో గుణించగా వచ్చినదైతేనే ఆ బహుభుజిని గీయగలం.

4294967297 ప్రధానం కాకపోవడం వల్ల అన్ని భుజాలున్న క్రమ బహుభుజిని గీయలేం. దానికంటే రెండు తక్కువైన 4294967295 భుజాల దాన్ని మాత్రం గీయవచ్చు! ఎందుకంటే 3 × 5 × 17 × 257 × 65537 = 4294967295. తెలిసిన ఫెర్మా ప్రధానాలు ఈ ఐదే కాబట్టి, గీయగలమని మనకు తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అతి పెద్దది ఇదే. అలాంటి బేసి సంఖ్యలు మొత్తం ముప్పై ఒక్కటి.

ఆ లబ్ధం అలా రావడం ఒక సాధారణ నియమం: ఏ ఫెర్మా సంఖ్య నుంచైనా 2 తీసేస్తే దానికి ముందున్న ఫెర్మా సంఖ్యలన్నిటి లబ్ధం వస్తుంది. రెండు ఫెర్మా సంఖ్యలకు ఉమ్మడి కారణాంకం ఉండదన్నది దీని నుంచే తెలుస్తుంది, ఎందుకంటే ఉంటే అది 2ను భాగించాలి, కానీ ఇవన్నీ బేసి సంఖ్యలు. ప్రతి ఫెర్మా సంఖ్యా కనీసం ఒక కొత్త ప్రధాన కారణాంకాన్ని తెస్తుంది కాబట్టి ప్రధాన సంఖ్యలు అనంతమని గోల్డ్‌బాక్ 1730లో ఆయిలర్‌కు రాశారు. ఫెర్మా నమ్మకం తప్పినా, ఆ సంఖ్యల మీద కట్టిన ఈ రుజువు మాత్రం నిలిచింది.

పద్యప్రియ

నేను గణితం చదివినదాన్ని కాదు, తెలుగు సాహిత్యం చదివాను. అధ్యాపకుల వారి చివరి మాట చూశాక ఒక విషయం అడగాలనిపించింది. చదరంగం గళ్ళలో ఒకటితో మొదలుపెట్టి గింజలను రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని చెప్పే పాత చంపకమాల ఒకటి పావులూరి మల్లన పేరుతో ప్రచారంలో ఉంది. «శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు» అని అందులో అంకెలు భూతసంఖ్యల్లో ఉంటాయి. శర అంటే 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్తు 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకు రాస్తే 18446744073709551615 వస్తుంది. ఈ సంఖ్యకు, మీరు చర్చిస్తున్న సంఖ్యకు ఏమైనా సంబంధం ఉందా?

కోడుకారుడు

పద్యప్రియ గారూ, చాలా దగ్గరి సంబంధమే ఉందండీ. ఆ పద్యంలోని సంఖ్య 2⁶⁴ − 1. అధ్యాపకులవారు చెప్పిన నియమం ప్రకారం అది తరువాతి ఫెర్మా సంఖ్య కంటే రెండు తక్కువ, అంటే మొదటి ఆరు ఫెర్మా సంఖ్యల లబ్ధం. ఇంకా సూటిగా చెప్పాలంటే 4294967295 × 4294967297 = 18446744073709551615. కాబట్టి దాని పూర్తి కారణాంక విభజన 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. మీ పద్యంలోని గింజల రాశిని 641 సమాన భాగాలుగా పంచవచ్చు, ఒక్క గింజ కూడా మిగలదు.

ఆ సంఖ్యకు 2 కలిపితే వచ్చే 18446744073709551617 కూడా సంయుక్తమే; 274177 × 67280421310721. దీన్ని 1880లో లాండ్రీ విభజించారు. ఆ పైన ఉన్నవాటిలో ఇంతవరకు ఒక్క ప్రధాన సంఖ్య కూడా కనబడలేదు. వాటి విభజన మాత్రం రానురాను కష్టమైంది. 39 అంకెలున్న తరువాతిదాన్ని విభజించడానికి 1970 వరకు, ఆ తరువాతిదానికి 1980 వరకు ఆగవలసి వచ్చింది.

శేషంఒకటి

ఫై ప్రమేయం విలువలను ఈ సంఖ్యల చుట్టూ లెక్కిస్తే ఒక విషయం కనిపించింది. 15కూ 16కూ ఫై విలువ 8. 255కూ 256కూ 128. 65535కూ 65536కూ 32768. 4294967295కూ 4294967296కూ కూడా ఒకటే, 2³¹. పద్యంలోని సంఖ్య దగ్గరకు వచ్చేసరికి ఇది చెదిరిపోయింది. 4294967297 ప్రధానం అయి ఉంటే అక్కడ కూడా 2⁶³ రావాలి. అది సంయుక్తం కావడం వల్ల 2⁶³లో 262144 వంతులకు 261735 వంతులే వచ్చింది.

ఈ రెండింటి తేడా 409. గోదారిగట్టు గారు 6700417ను 2556² + 409² అని రాసినప్పుడు కూడా 409 కనిపించింది. ఇది పుట్టుకతో వచ్చినదా, యాదృచ్ఛికమా?

విశ్రాంతఅధ్యాపకుడు

బాబూ, ఇది యాదృచ్ఛికం కాదు. నేను కూడా ఇంతవరకు ఈ కోణంలో చూడలేదు; కాగితం తీసుకొని చేశాను.

రెండు కారణాంకాలు 128 × 5 + 1, 128 × 52347 + 1. వాటి లబ్ధం నుంచి 1 తీసేస్తే 2³² రావాలి. అంటే 128² × 5 × 52347 + 128 × (5 + 52347) = 2³². రెండు వైపులా 128²తో భాగిస్తే 261735 + 52352 ÷ 128 = 2¹⁸. 52352ను 128తో భాగిస్తే 409. మీకు వచ్చిన తేడా ఇదే: 262144 − 261735 = 409.

ఇప్పుడు వర్గాల వైపు నుంచి చూద్దాం. 2556, 409 అనే రెండింటినీ తెలియనివి అనుకుంటే, గోదారిగట్టు గారి లెక్క ప్రకారం రెండు షరతులు ఉన్నాయి: మొదటిదాన్ని 25తో, రెండవదాన్ని 4తో గుణించి కలిపితే 65536, రెండవదాన్ని 25తో, మొదటిదాన్ని 4తో గుణించి తీసివేస్తే 1. మొదటి సమీకరణాన్ని 4తోను, రెండవదాన్ని 25తోను గుణించి కూడితే మొదటి తెలియనిది పోతుంది. మిగిలేది: 641 × (రెండవ తెలియనిది) = 4 × 65536 + 25 = 2¹⁸ + 25.

పై దారిలో వచ్చిన 409 కూడా ఈ షరతును తీరుస్తుందా అన్నదే ప్రశ్న. 5 + 52347 = 128 × 409 కదా, దాన్ని 5తో గుణిస్తే 25 + 261735 = 640 × 409. రెండు వైపులా 409 కలిపితే ఎడమ వైపు 25 + 2¹⁸, కుడి వైపు 641 × 409. కాబట్టి రెండు చోట్లా కనిపించింది ఒకే 409.

ఇది కుదరడానికి కావలసిందల్లా మొదటి దారిలోని 5 యొక్క వర్గం, రెండవ దారిలోని 25 ఒకటే కావడం. 641 = 5 × 2⁷ + 1, 641 = 5⁴ + 2⁴ అని నేను మొదట రాసిన రెండు రూపాల్లోనూ ఉన్నది ఆ 5 ఒక్కటే.